చిన్న విమానములు, పెద్ద విమానములు

కొండపల్లి అంబారీ యేనుగు నెఱుగని తెలుగువాడు ఉండడు. తెల్లపొణికి కఱ్ఱతో చెక్కి, చింతగింజల బంకతో అతికి, రంగులు పూసిన ఆ బొమ్మను చూచి, మావటివాడు ఏనుగులో ఎన్నవ వంతు ఉండవలెనో కొలబద్ద పెట్టి కొలిచినవాడు మాత్రము లేడు. కొలువవలసిన పనియు లేదు. బొమ్మ యనగా పోలిక. ఆ పోలిక కంటికి నచ్చిన చాలును. నేనీ ప్రసంగమున చెప్పబోవునవి మఱియొక జాతి బొమ్మలు. వీనిలో ప్రతి యంగుళమునకును ఒక లెక్క కలదు. నిజమైన విమానమున ఆఱడుగులున్న భాగము ఈ బొమ్మయందు సరిగా ఒక్క అంగుళ ముండవలెను. వెండ్రుకవాసి తేడా వచ్చినను చేసినవానికి నిద్ర పట్టదు. ఇట్టివానిని నమూనా విమానములందురు.

ఇవి పిల్లల యాటవస్తువులనియు, తీఱిక గలవారి కాలక్షేపమనియు మనలో పెక్కుర యభిప్రాయము. చరిత్రను పరికించినచో సంగతి వేఱుగా కన్పట్టును. పెద్ద విమానము కంటె చిన్న విమానమే వయస్సున పెద్దది. ఇంజను బలముతో మనుష్యుడు గాలిలోనికి లేచుటకు సుమారు నూఱేండ్లకు పూర్వమే అతని చేతిబొమ్మ ఎగిరినది. అనగా తమ్ముడనుకొన్నవాడు నిజమునకు అన్న.

ఇంగ్లండులో యార్కుషైరు ప్రాంతమున సర్ జార్జి కేలీ అను భూస్వామి యుండెను. అంతకుముందు ఎగురవలెనని తలపెట్టినవారు పక్షిని చూచి, ఱెక్కలాడించు యంత్రములను కల్పింపబోయి భంగపడుచుండిరి. పైకి నిలుపుట ఒక పని, ముందుకు నడుపుట వేఱొక పని, ఈ రెంటిని ఒకే ఱెక్కకు అప్పగింపనక్కఱలేదని గ్రహించినవాడు కేలీ. 1804లో అతడు సుమారు ఐదడుగుల కఱ్ఱకు గాలిపటము వంటి ఱెక్కను బిగించి, వెనుక అటునిటు మార్చుటకు వీలైన తోకను అమర్చి, బరువును ముందు వెనుకలకు జరుపుకొనుచు కొండవాలున విడిచిపెట్టెను. అది తొట్రుపడక మెల్లగా జాఱి దిగెను. నేటి విమానమునకు గల ఆకారము, ముందు కదలని ఱెక్క, వెనుక తోక, ఆనాటి బొమ్మయందే యున్నది.

1848లో చార్డు అను ఊర జాన్ స్ట్రింగ్‌ఫెలో, పదియడుగుల ఱెక్కలు గల చిన్న ఆవిరి విమానమును ఒక లేసు కర్మాగారపు పొడవైన గదిలో తీగెపై నడిపి విడిచెను. అది తనంత తాను ఎగిరినదని కొందఱందురు, కాదని కొందఱందురు. ఆ తగవు నటుంచుదము. 1871 ఆగస్టు 18వ తేదీని పారిసు నగరమున ట్విలరీ తోటలో జరిగినదానిని గూర్చి తగవు లేదు. ఆల్ఫోన్సు పెనో అను ఇరువది యొక్క యేండ్ల యువకుడు, మెలిపెట్టిన రబ్బరు త్రాటితో తిరుగు చిన్న విమానమును పండితుల యెదుట ఎగురవేసెను. అది పదునొకండు సెకండ్లలో నూటముప్పది యడుగుల దూరము పోయెను. చేయి పట్టి నిలుపువాడు లేకయే, తోక యమరికచే తనంతట తాను సమముగా నిలిచి పోయిన మొదటి విమానమిది. పెనో దీనిని మనుష్యుని మోయునంతగా పెంచుటకు పథకములు గీచెను గాని, ధనమిచ్చువారు దొరకలేదు. ముప్పదియేండ్ల వయస్సుననే నిరాశచే ప్రాణము తీసికొనెను.

పెనో కల్పించినదే మఱియొక బొమ్మ కలదు. రబ్బరు బలముతో నిట్టనిలువుగా పైకి లేచునది. 1878లో అమెరికాలో మిల్టను రైటు అను క్రైస్తవ మతాచార్యుడు ఊరినుండి వచ్చుచు, తన చిన్న కుమారులకు అట్టిదాని నొకదానిని తెచ్చియిచ్చెను. పిల్లలు దానికి గబ్బిలమని పేరుపెట్టిరి. వారే విల్బరు, ఆర్విలు రైటు సోదరులు. ఆ బొమ్మ విఱిగినపిమ్మట వారు దానివంటివానిని తామే చేయసాగిరి. చిన్నవి చక్కగా ఎగిరినవి. ఉత్సాహముతో పెద్దవి చేసిరి. ఎంత పెద్దవి చేసిన అంత చెడుగ ఎగిరినవి. కారణము వారికి ఆనాడు తెలియలేదు. ఈ చిన్న సంగతిని శ్రోతలు మనస్సున నుంచుకొనవలెను. ఇదే ప్రశ్న ఒక మహాశాస్త్రజ్ఞుని ముంచివేసినది.

ఆయన పేరు శామ్యూలు లాంగ్లీ, ఖగోళశాస్త్రమున ప్రసిద్ధుడు, వాషింగ్టనులో స్మిత్సోనియను సంస్థకు కార్యదర్శి. ఆయన చాల యేండ్లు పాటుపడి, ముందొక జత, వెనుకనొక జత ఱెక్కలు గల ఆవిరి నమూనాలను నిర్మించెను. 1896 మే 6వ తేదీని పొటోమాకు నదిపై, ఒక ఇంటిపడవ కప్పునుండి, పదునాలుగడుగుల కించుక తక్కువ విస్తారము గల నమూనాను స్ప్రింగు బలముతో గాలిలోనికి విసరజేసెను. అది వలయములుగా తిరుగుచు 3,300 అడుగులు పోయి, ఆవిరి తగ్గినంతనే మెల్లగా నీటిపై వ్రాలెను. టెలిఫోను కనిపెట్టిన గ్రాహాం బెల్ అచ్చటనుండి ఆ దృశ్యమును ఫోటో తీసెను. నవంబరులో ఇంకొక నమూనా దాదాపు 4,800 అడుగులు పోయెను. మనుష్యుడు లేని విమానము అంతదూరము ఎగురుట లోకములో అదియే ప్రథమము.

ఇంక మిగిలిన దేమి? దానినే పెంచి మనుష్యుని కూర్చుండబెట్టుట. అమెరికా ప్రభుత్వమువారు యుద్ధశాఖ ద్వారా 50,000 డాలర్లు ఇచ్చిరి. చార్లెసు మాన్లీ అను నేర్పరి 52 గుఱ్ఱపుబలముల పెట్రోలు ఇంజనును సిద్ధపఱచెను. బరువునకు తగిన బలమున ఆనాటికి దానిని మించినది లేదు. నమూనాను మూడున్నర రెట్లకు మించి పెంచిరి. 1903 అక్టోబరు 7వ తేదీని మాన్లీ దానిలో కూర్చుండి విడువుమనెను. యంత్రము ముందునకు వాలి నేరుగా నదిలో పడెను. డిసెంబరు 8వ తేదీని మరల ప్రయత్నించిరి. ఈసారి వెనుక ఱెక్కలు గాలిలోనే కూలిపోయినవి. మాన్లీ మంచునీటిలో చిక్కువడి ఎట్లో బయటపడెను. పత్రికలు పరిహసించినవి. శాసనసభ్యులు సొమ్ము వ్యర్థమైనదని కేకలు వేసిరి. విసరు యంత్రములోనిదే లోపమని లాంగ్లీ నమ్ముచుండెను. అది కొంత నిజమైనను కావచ్చును; కాని ఆ ఱెక్కలకు తమ బరువును తాము మోయు సత్తువ లేకుండెననుట స్పష్టము. 1906లో ఆయన మనోవ్యథతోనే గతించెను.

నమూనా ఎగిరినది గదా, పెద్దది ఏల పడినది? ఒక బెల్లపు దిమ్మను తీసికొనుడు. ప్రక్కలన్నియు ఒక్కొక్క అంగుళమనుకొనుడు. ప్రతి ప్రక్కను రెండంగుళములు చేసినచో, పైముఖము వైశాల్యమున నాలుగింతలగును, బరువు ఎనిమిదింతలగును. నాలుగింతలు పెంచినచో వైశాల్యము పదునాఱింతలు, బరువు అఱువదినాలుగింతలు. గాలి ఱెక్కను మోయుట వైశాల్యమునుబట్టి. కఱ్ఱ విఱుగక నిలుచుటయు దాని అడ్డుకోత వైశాల్యమునుబట్టియే. భూమి క్రిందికి లాగుట మాత్రము బరువునుబట్టి. కావున ఆకారము ఒక్కటే యైనను, పెరిగినకొలదిని బరువు బలమును దాటిపోవును. చీమ యెముకలేని కాళ్లతో గోడ యెక్కును. ఏనుగునకు స్తంభములవంటి కాళ్లు కావలెను. ఇటలీ పండితుడు గెలీలియో 1638లోనే ఒక గ్రంథమున, చిన్న జంతువు యెముకను, దానినే పెద్ద జంతువునకు తగినట్లు లావుచేసిన యెముకను ప్రక్కప్రక్కన గీచి ఈ ధర్మమును చూపెను. లాంగ్లీకి ఈ ధర్మము తెలియదని కాదు. కన్నులయెదుట అంత సొగసుగా ఎగిరిన నమూనా ఆయనను మోసపుచ్చినది. నమూనా ఆకారమును దాచుకొనును, బరువును దాచుకొనలేదు.

ఇదే కాలమున రైటు సోదరులు డేటను పట్టణమున సైకిళ్ల దుకాణము నడుపుచుండిరి. 1901లో వారి గ్లైడరు, పూర్వుల పట్టికలు చెప్పినంత బరువును మోయలేకపోయెను. ఇతరులైన మఱియొక గ్లైడరు కట్టియుందురు. వీరు ఆఱడుగుల పొడవును, పదునాఱంగుళముల చదరపు నోరును గల ఒక కొయ్య పెట్టెను చేసి, ఒకవైపు పంకా పెట్టి గాలి పాఱించిరి. ఇనుప రేకును కత్తిరించి వంచి, అఱచేతిలో పట్టునంత చిన్న ఱెక్కలను సుమారు రెండువందల రకములు చేసిరి. అఱిగిన ఱంపపు పలకలతోను, సైకిలు చక్రపు చువ్వలతోను కట్టిన త్రాసుపై ఒక్కొక్కదానిని పెట్టె నడుమ నిలిపి, గాలి ఎంత యెత్తునో, ఎంత వెనుకకు నెట్టునో వ్రాసికొనిరి. ఇవి ఎగురు నమూనాలు గావు. ప్రశ్న యడుగు నమూనాలు. వీని ద్వారా, నూఱేండ్లకు పైగా అందఱును నమ్మిన గాలియొత్తిడి లెక్కలో మూడవవంతు పొరపాటున్నదని తేలినది. 1903 డిసెంబరు 17వ తేదీని, అనగా మాన్లీ నదిలో పడిన తొమ్మిదవనాడు, ఆర్విలు పండ్రెండు సెకండ్లసేపు, నూటయిరువది యడుగుల దూరము ఎగిరెను. చిన్నదానిని నమ్మినవాడు మునిగెను. చిన్నదానిని పరీక్షించినవారు ఎగిరిరి.

అటుపిమ్మట అన్నదమ్ముల వరుస మాఱినది. పెద్ద విమానము ముందునడువగా చిన్నది వెంబడించినది. గాలిపెట్టెలలో పరీక్షించు నమూనాలు కర్మాగారములలో నిలిచిపోయినవి గాని, సామాన్యులు ఇండ్లలో చేయునవి నిజ విమానమునకు ప్రతిరూపములైనవి. మన తెల్లపొణికి వలెనే తేలికయైన బాల్సా కఱ్ఱ దక్షిణ అమెరికానుండి వచ్చినపిదప, ఎగురు బొమ్మలు చేయుట సులభమైనది. ఎగురకపోయినను సరియే, అచ్చముగా ఉండవలెనను వారు వేఱొక త్రోవ పట్టిరి. 1932లో ఇంగ్లండులో జేమ్సు హే స్టీవెన్సు అనునాయన రూపొందించిన స్కైబర్డ్సు అను పేరుగల నమూనాలు వెలువడినవి. వానికి ఆయన పెట్టిన కొలత డెబ్బదిరెండవ వంతు. ఆఱడుగుల మనుష్యుడు డెబ్బదిరెండంగుళములు గదా. అతడు ఒక్క అంగుళమగును. ఇంతకన్న సుఖమైన లెక్క లేదు. ఆ కొలత నేటికిని నిలిచియున్నది.

1936లో ఫ్రాగ్ అను సంస్థ ఈ కొలతతోనే ప్లాస్టిక్కు ముక్కలను పెట్టెలలో అమ్మసాగెను. అంతవఱకు వారు నేలనుండి నేరుగా ఎగురు బొమ్మలు చేయువారు. ఇవి ఎగురనివి గనుక పెంగ్విన్ అని పేరు పెట్టిరి. ఎగురలేని పక్షి యని వారి చమత్కారము. యుద్ధము రాగా ఈ యాటకు పని దొరికినది. 1942లో అమెరికా నౌకాదళమువారు పాఠశాలల బాలురచేత అయిదులక్షల నమూనాలను చేయింపబూనిరి. అన్నియు డెబ్బదిరెండవ వంతువే, అన్నిటికిని నల్లరంగే. ఆకసమున దూరముగా పోవు విమానమునకు రంగు కనబడదు, నీడవంటి ఆకారమే కనబడును. అట్టి నమూనాను ముప్పదియైదడుగుల దూరమున పట్టుకొన్నచో, నిజ విమానమును అరమైలు దూరమున చూచినట్లే. ఫిరంగి వానికి తనవాడెవడో పరాయివాడెవడో ఇట్లు నేర్పిరి. బాలుడు గదిలో గరుకుకాగితముతో నునుపుచేసిన కొయ్యముక్క, సముద్రముపై ఒకని ప్రాణము నిలుపవచ్చును, తీయవచ్చును. యుద్ధానంతరము, 1953లో, ఎయిర్‌ఫిక్సు వారి స్పిట్‌ఫైరు చిన్న సంచిలో అంగళ్లలోనికి వచ్చినది. అటుపిమ్మటి చరిత్ర వర్తకచరిత్ర, దానిని వదలుదము.

నమూనా చేయువాడు చరిత్రకారునికంటె మొండివాడు. చరిత్రకారుడు "1918లో హైదరాబాదు నిజాము బ్రిటిషు వారికి విమానముల దళమును బహూకరించెను" అని ఒక వాక్యము వ్రాసి ముందుకు పోవును. నమూనాకారునకు ఆ వాక్యము చాలదు. ఏ విమానము? దాని ఇంజను ముక్కు ఎట్లుండును? రంగేది? ప్రక్కన ఏమి వ్రాసిరి? ఈ ప్రశ్నలను వెంబడించినచో మనకు దగ్గఱి సంగతులు కొన్ని బయటపడును.

ఆ దళము 110వ స్క్వాడ్రను. హైదరాబాదు అను మాట దాని పేరునందే కలిసిపోయినది. ఆ విమానము డీ.హెచ్. 9ఏ, ఇద్దఱు కూర్చుండు బాంబుల విమానము. దీనికి ముందుదైన డీ.హెచ్. 9 ఇంజను దుర్బలమై చెడ్డపేరు తెచ్చుకొనగా, అమెరికాలో తయారైన లిబర్టీ అను 400 గుఱ్ఱపుబలముల ఇంజనును పెట్టి, ఱెక్కలు పెంచి దీనిని చేసిరి. ఱెక్కల విస్తారము 45 అడుగుల 11 అంగుళములు. నమూనాలో ఏడున్నర అంగుళములకు పైచిలుకు. ఒక్కొక్క విమానముపై నిజాము వారిచ్చినదని వ్రాసి, హైదరాబాదు అను పేరును, వరుస సంఖ్యను వేసిరి. నిజాము అనగా ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను. ఇచ్చిన చేయి ఆయనదే యైనను, ఆ రాజ్యపు ఆదాయమునకు మూలము భూమిశిస్తు. ఆ భూమిలో పెక్కుభాగము దున్నినవారు తెలుగు రైతులు. ఆ రైతులలో ఎంతమందికి తమ ఊరి పేరు ధరించి ఆకసమున జర్మనీపైకి పోవు యంత్రమొకటి కలదని తెలిసియుండును?

ఆ దళము 1918 సెప్టెంబరు 1వ తేదీని ఫ్రాన్సు చేరెను. వెంట కాపుదళము లేక, పట్టపగలు, జర్మనీ లోపలి పట్టణములపై బాంబులు వేయుట వారి పని. నవంబరు 11న యుద్ధమాగినది. ఈ రెండు నెలలు పదిదినములలో శత్రువులచే 17 విమానములు, ప్రమాదములలో 28 విమానములు నష్టమైనవి. ఇచ్చినవి పోగా క్రొత్తవి తెచ్చి నింపిరి, అవియు పోయినవి.

ఇచ్చట నాకొక శంక పొడమును. నిండు బరువుతో నాలుగువేల ఆఱువందల పౌనులు తూగు ఈ విమానమును డెబ్బదిరెండవ వంతునకు తగ్గించినచో, లెక్కప్రకారము బరువు మూడులక్షల డెబ్బదిమూడువేల వంతునకు తగ్గవలెను. అనగా అరతులము. నమూనాకారుని బల్లపై నిలుచు డీ.హెచ్. 9ఏ ఎప్పుడును చెక్కుచెదరక, అప్పుడే కర్మాగారము వీడినట్లుండును. నలువదియైదు విమానములు కూలిన శిథిలములను, వానిలోని వారిని, వాని ఖర్చు భరించిన వారిని ఆ అరతులము చూపజాలదు. లాంగ్లీ పడిన మోసము శాస్త్రమునకే పరిమితము కాదు. అయినను, నమూనాకారుడు అడుగకపోయినచో ఆ పేరు ఆ ప్రక్కన ఉండెనని చెప్పువాడును కఱవై యుండును గదా యని మరల తోచును. నేను వీని కొలతల పట్టుదలను పరిహసింపలేకున్నాను.

రెండవ ప్రపంచయుద్ధమునను ఆ పేరు కన్పట్టును. 1940లో ఇంగ్లండుపై వైమానిక దాడులు జరిగినపుడు, 152వ హైదరాబాదు స్క్వాడ్రను స్పిట్‌ఫైర్లతో దక్షిణతీరమున వార్మ్‌వెల్ అను విమానాశ్రయమునుండి పోరాడెను. దాని గుర్తు నిజాము ధరించు తలపాగా. ఆ దళపు స్పిట్‌ఫైరును చేయువాడు ప్రక్కన యు.ఎం. అను రెండక్షరములు వేయవలెనని పిల్లలకు గూడ తెలియును. 253వది హైదరాబాదు రాష్ట్రపు పేరు గలది, వారివి హరికేన్లు.

మొదటి యుద్ధపు రంగు విషయమున మాత్రము తగవు తెగలేదు. ఆనాటి బ్రిటిషు విమానములకు పూసిన పూత పేరు పి.సి. 10. పసుపుపచ్చని మన్నును, మసిని కలిపి చేసినది. పసుపు నలుపు కలిసిన ఆకుపచ్చగా కన్పట్టును. ఎండకు, పైన పూసిన వార్నీసునకు గోధుమవన్నెకు తిరుగును. ఒకరు పచ్చ యందురు, ఒకరు గోధుమ యందురు. పెద్దలైనవారు ఈ విషయమున చిరకాల స్నేహములను గూడ లెక్కచేయరు.

ఆ తగవు తీర్చుటకు నిజమైన విమానమొకటి మిగిలియుండవలెను. ఒకటి మిగిలినది. దాని సంఖ్య ఎఫ్. 1010, దాని ప్రక్కనున్న పేరు "హైదరాబాదు నెం. 12ఏ". 1918 అక్టోబరు 5వ తేదీని దాడికి పోయి తిరిగిరాక జర్మనుల చేజిక్కెను. వారు దానిని పారవేయక, బెర్లినులో తమ విమాన ప్రదర్శనశాలయందు విజయచిహ్నముగా నిలిపిరి. 1943లో ఆ భవనముపై బాంబులు పడినవి. అంతట కొన్ని విమానములను తూర్పునకు తరలించిరి. యుద్ధమైనపిదప ఆ ప్రదేశము పోలెండుది యయ్యెను, విమానములును వారివైనవి. హైదరాబాదు పేరుగల ఈ మొండెము ఱెక్కలు లేక క్రాకోనగరమున చాలకాలముండెను. 1977లో లండనులోని హెండను రాజవైమానికదళ ప్రదర్శనశాలవారు ఒక స్పిట్‌ఫైరును పోలెండువారికిచ్చి, మార్పుగా దీనిని తెచ్చుకొనిరి. కొలతల ప్రకారము క్రొత్త ఱెక్కలు చేయించి అతికిరి.

కావున ఈనాడు ఎఫ్. 1010 నమూనాను చేయువానికి ఒక చిక్కు కలదు. 1918లోని విమానమును చేయవలెనా, హెండనులో నిలిచిన దానిని చేయవలెనా? మొదటిదైనచో ఱెక్కలు పాతవి, ఫోటోలను నమ్మి చేయవలెను. రెండవదైనచో ఱెక్కలు చూచి కొలువవచ్చును గాని, ఆ ఱెక్కలు యుద్ధమునకు పోయినవి కావు. పెక్కురు మొదటిదానినే చేయుదురు. చివరకు భూతద్దము పెట్టుకొని, రెండు వెండ్రుకల కుంచెతో, జొన్నగింజకంటె చిన్న అక్షరములతో ప్రక్కను ఆ పేరు వ్రాయుదురు.